అన్నయ్యకి తుపాకి కేసులో శిక్ష పడింది, అప్పీలు ఎలా?

డాలస్‌కి కొత్త:
నమస్తే అండి. హెచ్1బీ మీద ఈమధ్యే వచ్చాను. మా పెదనాన్నగారి అబ్బాయి ఇక్కడే గ్రీన్ కార్డు మీద ఉంటాడు. చాలా ఏళ్ల కిందట క్రెడిట్ కార్డు మోసం కేసులో ప్రొబేషన్ పడింది, జైలుకి వెళ్లలేదు. పోయినేడాది కారు సీటు కింద తుపాకి దొరికిందని ఫెడరల్ కేసు పెట్టారు. ఆ కారు స్నేహితుడూ వాడేవాడు. జ్యూరీ దోషి అంది, ఈ సోమవారం శిక్ష వేశారు. పెద్దమ్మ ఊరి నుంచి రోజూ ఫోన్ చేసి "పై కోర్టుకి వెళ్లండిరా" అని ఏడుస్తోంది. వదినేమో లాయర్ని మార్చాలంటోంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్లేనో పాతకాపు:
తమ్ముడూ, ముందు తేదీ చూసుకో. తీర్పు రికార్డుకెక్కిన రోజు నుంచి 14 రోజుల్లో నోటీస్ ఆఫ్ అప్పీల్ పడాలి. శిక్ష వేసిన కోర్టులోనే వెయ్యాలి, చిన్న కాగితం, కారణాలు రాయక్కర్లేదు. లాయర్ని మార్చే సంగతి ఆ తర్వాత. ఉన్న లాయరుకి మీ అన్నయ్యే నోటితో "అప్పీలు వెయ్యండి" అని చెప్పాలి, వదిన చెప్తే చాలదు. ముద్దాయి అడిగాక వెయ్యకపోతే అది లాయరు తప్పేనని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. డబ్బు లేదని చూపిస్తే 605 డాలర్ల ఫీజు మాఫీ అవుతుంది, లాయర్ని కోర్టే ఇస్తుంది. అప్పుడే చందాలు మొదలుపెట్టకండి.

పెద్దమ్మగారికి మెల్లగా చెప్పు, అక్కడ మళ్లీ విచారణ జరగదు. న్యూ ఆర్లీన్స్‌లోని ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీలు కింది కోర్టు రికార్డు, ఇరువైపులా రాసిన బ్రీఫులు, అంటే వాదనల కాగితాలు, చదువుతారు. స్నేహితుడు ఇప్పుడొచ్చి "తుపాకి నాదే" అన్నా అక్కడ వినరు. కొత్త సాక్ష్యానికి కింది కోర్టులో వేరే దారి ఉంది.

అసలు పట్టు పాత కేసులో ఉండొచ్చు. ఆ కేసువల్ల ఫెలన్ (పెద్ద నేరంలో దోషిగా తేలినవాడు) అయ్యాడని, ఫెలన్ దగ్గర తుపాకి ఉండకూడదనే కదా ఈ కేసు. ఫెలన్ అనడానికి జైల్లో ఎన్నాళ్లున్నాడన్నది లెక్క కాదు, ఆ నేరానికి ఏడాది దాటి శిక్ష వేసే వీలుందా అన్నదే లెక్క. అయితే తాను ఆ కోవలోకి వస్తానని ముద్దాయికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చెయ్యాలని 2019లో రెహైఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కరోజూ లోపల ఉండనివాడు "నాకు తెలీదు" అంటే నమ్మడానికి కొంత చోటుంది. కానీ విచారణలో లాయరు ఆ మాట ఎత్తాడా? ఎత్తకపోతే 2021 నాటి గ్రీర్ తీర్పు అడ్డొస్తుంది. ఆ మాట ముందే వచ్చుంటే ఫలితం మారేదని మీరే చూపించాలి. పాత తీర్పు కాగితం కూడా తెప్పించండి. అది డిఫర్డ్ అడ్జుడికేషన్ (దోషి అని తీర్పివ్వకుండా ప్రొబేషన్‌లో పెట్టడం) అయితే ఫెలన్ అనడమే చెల్లకపోవచ్చు.

హ్యూస్టన్ అక్క:
ఇమ్మిగ్రేషన్ మాట ఎవరూ ఎత్తలేదేం? ఫెలన్ దగ్గర తుపాకి అన్న నేరం ఇమ్మిగ్రేషన్ చట్టంలో అగ్రవేటెడ్ ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం, కిందకి వస్తుంది. గ్రీన్ కార్డు పోవచ్చు, శిక్ష పూర్తయ్యాక తిన్నగా డిపోర్టేషనే. అప్పీలు లాయరు, ఇమ్మిగ్రేషన్ లాయరు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఇంకోటి, జైలు ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటారు మనవాళ్లు. అనువదించేవాళ్లు వాళ్లకీ దొరుకుతారు. కేసు గురించి అన్నయ్యతో ఫోన్‌లో ఒక్క ముక్కా వద్దు, పెద్దమ్మతో కూడా అనిపించొద్దు.

ప్లేనో పాతకాపు:
అక్క చెప్పింది నిజం. విచారణ లాయరు సరిగ్గా చెయ్యలేదన్న ఫిర్యాదుకి కూడా ఈ అప్పీలు చోటు కాదు. అప్పీలు ముగిశాక ఏడాదిలోపు, శిక్ష కొట్టెయ్యమని శిక్ష వేసిన కోర్టునే అడుగుతూ 2255 మోషన్ అని వేస్తారు. వదినగారి కోపం అక్కడ పనికొస్తుంది.

నీ సంగతి కూడా చూసుకో తమ్ముడూ. రెహైఫ్ స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడా వచ్చినవాడు. చదువు ఆగి స్టేటస్ పోయాక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి తుపాకి పేల్చాడు, దానికే కేసు. హెచ్1బీ వాళ్లకీ నిషేధం ఉంది, వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప. ఆఫీసువాళ్లు వీకెండ్ రేంజ్‌కి రమ్మంటే బిర్యానీ పార్టీ ఉందని చెప్పు.

డాలస్‌కి కొత్త:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. లాయరు ఆఫీసుకి ఫోన్ చేశాను, రేపు అన్నయ్యని కలుస్తారట. తీర్పు ఏ తేదీన రికార్డుకెక్కిందో కూడా అడిగాను, శిక్ష వేసిన రెండో రోజునట.

హ్యూస్టన్ అక్క:
అయితే ఆ రోజు నుంచే లెక్కపెట్టు. నోటీసు మీద పడే స్టాంపు కాపీ వదిన దగ్గర ఒకటి ఉంచు. ట్రాన్‌స్క్రిప్టు (కోర్టులో మాట్లాడినదంతా రాసిన కాపీ) ఆర్డర్‌కీ నోటీసు తర్వాత 14 రోజులే గడువు, అది ఎవరు పెడతారో రేపే అడగమను.