నంది హిల్స్ వైనరీ టూర్‌కి వెళ్లినవాళ్లు ఉన్నారా?

హిందూపురం_అబ్బాయి: ఫిబ్రవరిలో అమ్మానాన్నలను నంది కొండ కింద ఉన్న వైనరీకి తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్న మందు ముట్టరు. తోట మాత్రం చూసి రావచ్చా? ఉదయం స్లాట్ మంచిదా, సాయంత్రమా? భోజనం అక్కడే దొరుకుతుందా?

ద్రాక్షతోట: ఫిబ్రవరి అయితే తప్పకుండా వెళ్లండి. మన వైపు ద్రాక్షకి ఏటా రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబర్-అక్టోబర్‌లో ఇంకోటి. కోతలు జనవరి నుంచి మార్చి దాకా. జూన్‌లో వెళ్తే ఆకులు చూసి రావాలి. గైడ్‌ని అడిగి ఒక్క కాబెర్నే (రెడ్ వైన్ ద్రాక్ష) పండు నలిపి చూడండి. పైకి నల్లగా ఉంటుంది, రసం మాత్రం దాదాపు నీళ్లలా వస్తుంది. వేళ్లకి అంటుకునే రంగంతా తొక్కదే. ఆ తొక్కలు రసంలో నానితేనే రెడ్ వైన్. మా నాన్నగారు హైదరాబాద్ పక్కన ఏళ్ల తరబడి అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పండించారు. ఆయనకీ ఈ సంగతి కొత్తే.

సింధు_బెంగళూరు: శనివారం సాయంత్రం మాత్రం వద్దు. మేం వెళ్లినచోట ముప్పై మందికి ఒక్క గైడ్. ఐదు వైన్లు ఇరవై నిమిషాల్లో పోసేశారు. రెడ్ అయితే గోరువెచ్చగా ఉంది. అడిగితే "రెడ్ అలాగే తాగాలి మేడమ్" అన్నాడు. అంత డబ్బు పెట్టి వెళ్లాం, ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

వైన్_పాఠం: ఆయన చెప్పింది తప్పు. గది వేడి మీద తాగాలన్నది చలి దేశాల లెక్క. రెడ్‌కి 16-18 డిగ్రీలు, వైట్‌కి 8-10 ఉండాలి. నేను డబ్ల్యూఎస్ఈటీ అనే వైన్ కోర్సులో రెండో లెవెల్ పాసయ్యాను, తెలిసే చెబుతున్నా. ఇంకో మాట, టేస్టింగ్‌లో మింగక్కర్లేదు. నోట్లో తిప్పి ఉమ్మేయాలి. బల్ల మీద బకెట్ పెట్టేది అందుకే.

కడప_కారం: డబ్బు కట్టి ఉమ్మేయడమేంటి బ్రదర్? ఐదు గ్లాసులూ కలిపినా ఒక పెగ్గు కాదు. నేను అన్నీ తాగి, నేనే కారు నడుపుకుంటూ ఇంటికొచ్చా.

నైట్‌డ్యూటీ_నర్స్: ఇది గొప్పగా చెప్పుకునే విషయమా అన్నా? 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే కేసే. ఆదివారం రాత్రుళ్లు మా క్యాజువాల్టీకి వచ్చేవాళ్లంతా "కొంచెమే తాగాం" అనేవాళ్లే. ఆ ఘాట్ మలుపుల్లో ఏమైనా అయితే?

కడప_కారం: వైనరీ కొండ మీద లేదక్కా, కింద ఉంది. ఘాట్ రోడ్డు ఎక్కే పనే లేదు. తెలియకుండా మాట్లాడొద్దు.

నైట్‌డ్యూటీ_నర్స్: కిందైతే లారీలు తిరగవా? రోడ్డు మీద నీకొక్కడికే ప్రాణం ఉందా?

వైన్_పాఠం: లెక్క నేను చెబుతా. 50 మి.లీ. చొప్పున ఐదంటే 250 మి.లీ. 13 శాతం వైన్ అనుకుంటే ఆల్కహాల్ 32 మి.లీ. పైనే. 60 మి.లీ. విస్కీ పెగ్గులో సుమారు 26. పెగ్గు కాదన్నవాళ్లు మళ్లీ లెక్కేసుకోండి.

ద్రాక్షతోట: గొడవ ఆపండి. అటు వెళ్తే చిక్కబళ్లాపురం దగ్గర రోడ్డు పక్కన బెంగళూరు బ్లూ ద్రాక్ష అమ్ముతుంటారు, కొనండి. 2013లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన పండు. పుల్లగా, మంచి వాసనతో ఉంటుంది. మా ఇంట్లో జ్యూస్‌కి అదే.

సింధు_బెంగళూరు: మాకు కిలోలో సగం మెత్తబడినవే వేశారు. కింద పండ్లు చూసుకుని కొనండి.

హిందూపురం_అబ్బాయి: ఉదయం స్లాట్ బుక్ చేశా. తిరిగొచ్చేటప్పుడు కారు నాన్న నడుపుతారు. ఆయనకి రాత్రి లైట్లు పడవు, అందుకే పొద్దు ఉండగానే బయల్దేరతాం. భోజనం సంగతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, అమ్మకి షుగర్ ఉంది.