పైటెస్ట్: విడిగా పాస్, కలిపి నడిపితే ఫెయిల్

ప్రశ్న: పైటెస్ట్‌లో (పైథాన్ కోడ్‌ని పరీక్షించే టూల్) టెస్టులు ఒక్కొక్కటిగా నడిపితే పాస్ అవుతున్నాయి, అన్నీ కలిపితే రెండు మూడు ఫెయిల్. డేటాబేస్ ఫిక్స్చర్‌కి (టెస్టులకు కావాల్సినవి సిద్ధం చేసే ఫంక్షన్) సెషన్ స్కోప్ పెట్టాను. ఎక్కడ చూడాలండీ?

జవాబు 1: ఆ స్కోప్ దగ్గరేనండి. సెషన్ అంటే ఫిక్స్చర్ రన్ మొత్తానికి ఒక్కసారే తయారవుతుంది. ఒక టెస్ట్ చేర్చిన రికార్డులు తర్వాతి టెస్టుకీ కనిపిస్తాయి. ఇంజిన్‌ని (డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చేది) సెషన్ స్కోప్‌లోనే ఉంచి, ట్రాన్సాక్షన్‌కి ఫంక్షన్ స్కోప్‌తో, అంటే ప్రతి టెస్టుకీ కొత్తగా తయారయ్యేలా, ఇంకో ఫిక్స్చర్ రాయండి. ఆ ఫిక్స్చర్‌లో యీల్డ్ (టెస్ట్ నడిచే చోటు) తర్వాత రోల్‌బ్యాక్ (మార్పులను రద్దు చేయడం) పెట్టండి, టెస్ట్ ఫెయిలైనా అది నడుస్తుంది.

జవాబు 2: మీ కోడ్ లోపల కమిట్ (మార్పులను ఖాయం చేయడం) ఉంటే ఆ రోల్‌బ్యాక్ ఒక్కటే చాలదు. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ (పైథాన్ డేటాబేస్ లైబ్రరీ) 2.0 అయితే దాని సెషన్‌ని (పైటెస్ట్ సెషన్ స్కోప్ కాదు) ఆ ట్రాన్సాక్షన్ నడిచే కనెక్షన్‌కే కట్టి, సేవ్‌పాయింట్ (ట్రాన్సాక్షన్ లోపల వెనక్కి వెళ్లగలిగే గుర్తు) మోడ్‌లో తెరవండి.

జవాబు 3: పైటెస్ట్ రాండమ్లీ ప్లగిన్ కూడా వేయండి, తప్పకుండా. టెస్టుల వరుసను తారుమారు చేస్తుంది కాబట్టి ఇలాంటివి త్వరగా దొరుకుతాయి. ఫెయిలైతే అది చూపించిన సీడ్‌తోనే (ఆ వరుసను మళ్లీ తెచ్చే సంఖ్య) మళ్లీ నడపండి. ఎక్స్‌డిస్ట్ (టెస్టులను ఒకేసారి పలు వర్కర్ ప్రాసెస్‌లలో నడిపే ప్లగిన్) వాడితే సెషన్ ఫిక్స్చర్ ప్రతి వర్కర్‌లో విడిగా నడుస్తుంది. డేటాబేస్ పేరుకి వర్కర్ ఐడీ తగిలించండి.