ఒంటరి మగసింహం ఎన్నాళ్లు నెగ్గుకొస్తుంది?

తీరికలేనోడు:
మొన్న ఒక వీడియో చూశా. ముసలి మగసింహం ఒకటి, దాని చుట్టూ మూడు కుర్రవి. రెండు ఎదురుగా నిలబడి గుర్రుమంటుంటే మూడోది వెనక నుంచి వచ్చి నడుం మీద కొరుకుతోంది. ముసలిది కాసేపు గిరగిరా తిరిగి, చివరికి వెనకభాగం నేలకానించి కూర్చుండిపోయింది. అంత అడవి ఉంది కదా, ఓడిపోతున్నానని తెలిశాక పారిపోవచ్చుగా? ఆఫ్రికాలోనో మన గుజరాత్ గిర్ అడవిలోనో కళ్లారా చూసినవాళ్లు ఉంటే చెప్పండి. వికీపీడియా తెచ్చి అతికించొద్దు, అది నేనూ చదువుకోగలను.

అరుషా_నుంచి:
అలా కూర్చోవడం చేతకాక కాదండీ. గుంపుగా మీద పడే సింహాల గురి వెనక కాళ్ల మీద, వెన్నెముక మీద ఉంటుంది. అక్కడ ఒక్క గట్టి కాటు పడితే ఇక వేటా లేదు, నడకా లేదు. అందుకే వెనకభాగాన్ని నేలకు అదిమిపెట్టి, కోరలూ పంజాలూ శత్రువు వైపు ఉంచుతుంది. లేచి పరుగెత్తితే వీపు అప్పగించినట్టే. సందు దొరికితే మాత్రం పారిపోతుంది, అందులో నామోషీ ఏమీ పడదు.

టాంజానియాలోని సెరెంగెటిలో సీ-బాయ్ అని ఒక నల్లజూలు సింహం ఉండేది. 2009లో మూడు మగవాటి మధ్య ఇరుక్కుంది. ఆ జట్టుకు పరిశోధకులు పెట్టిన పేరే ‘కిల్లర్స్’, చూసుకోండి. ఎలాగో బయటపడింది. ఏలుతున్న ఆడసింహాల గుంపును వదులుకుని, హిల్డర్ అనే జతగాడితో కలిసి ఇంకోచోట మళ్లీ నిలదొక్కుకుంది. 2018 దాకా బతికింది.

అసలు పోట్లాట కళ్లారా చూడటం చాలా అరుదు. చాలావరకు గొంతుతోనే తేలిపోతుంది. ఒకసారి తెల్లవారుజామున రెండు మగసింహాలు బండరాళ్ల పక్కన పడుకుని ఉన్నాయి. దూరంగా ఎక్కడో గర్జన. రెండూ ఒకేసారి తలలెత్తి చెవులు అటు తిప్పాయి. రెండోసారి వినిపించేదాకా కదల్లేదు. తర్వాత పెద్దది లేచి, పొట్ట లోపలికి లాక్కుని మొదలుపెట్టింది. చిన్నది పడుకునే అందుకుంది. నా చెయ్యి జీప్ తలుపు మీద ఉంది, రేకు అదరడం అరచేతికి తెలిసింది. అవి ఆగాక అవతల నుంచి ఇక జవాబు రాలేదు. అంతే, ఆ రోజుకి యుద్ధం అయిపోయింది. రెండూ మళ్లీ నిద్రపోయాయి.

జువాలజీ_మేడం:
అవతలిది ఎందుకు ఊరుకుందంటే, ఏలుబడి లేని మగసింహాలు మామూలుగా గర్జించవు. గర్జన అంటే ఇది నాది అని చాటింపు. నిశ్శబ్దమైన రాత్రి 8 కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. సొంత చోటు లేని దిమ్మరి సింహం అలా చాటితే తన చావును తానే పిలుచుకున్నట్టు. మీరు విన్నది పక్క హద్దు సింహమే అయ్యుంటుంది, ఇక్కడ ఇద్దరున్నారని లెక్క చూసుకుని తగ్గి ఉంటుంది.

పారిపోకపోవడానికి అసలు కారణం కూనలు. కొత్త మగవి గుంపును ఆక్రమించగానే పాలు తాగే కూనల్ని చంపేస్తాయి. సెరెంగెటిలో చచ్చిపోయే కూనల్లో దాదాపు పావు వంతు ఇలా పోయేవే. క్రూరత్వం అనిపిస్తుంది గానీ లెక్క వేరు. కూనలు బతికుంటే తల్లి మళ్లీ చూలు కట్టడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. కూనలు పోతే తొందరగానే ఎదకొస్తుంది, ఆపైన 110 రోజులకు ఈనుతుంది. ఇక మగసింహానికి ఒక గుంపు మీద పెత్తనం దక్కేది సగటున రెండు మూడేళ్లు. ఆ కాస్త కాలంలో తన పిల్లలు తమ కాళ్ల మీద నిలబడాలి. పారిపోతే ప్రాణం దక్కుతుంది, పిల్లలు దక్కరు.

1990లలో సెరెంగెటిలో లౌడ్‌స్పీకర్లు పెట్టి తెలియని మగసింహాల గర్జనలు వినిపించారు. స్పీకర్‌లో వినిపించేవి తమకంటే ఎక్కువ ఉన్నా సరే, ఆ చోటు ఏలే మగవి నేరుగా ఆ దిక్కుకే నడిచాయి. పక్కన జతగాడు వస్తున్నాడా లేదా అని కూడా చూసుకోలేదు.

ఇంకోటి, వీడియోలో అది నిజంగా ముసలిదేనా? దెబ్బలూ మాసిన జూలూ చూసి అలా అనిపించి ఉండొచ్చు. ముక్కు చూడండి. కుర్ర సింహాల ముక్కు గులాబీ రంగులో ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ నల్ల మచ్చలు కమ్ముకుంటాయి. ఐదారేళ్లకు సగానికి పైగా నల్లబడుతుంది.

తీరికలేనోడు:
మేడం, ఇప్పుడే ఆపి ఆపి చూశా. ముక్కు మొత్తం బొగ్గులా ఉంది. ముసలిదే. మరి నల్లజూలు ఉంటే బలమైనదనే మాట నిజమేనా?

జువాలజీ_మేడం:
కొంత నిజం. 2002లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో నిలువెత్తు బొమ్మ సింహాలకు రకరకాల జూలు తగిలించి సెరెంగెటిలో నిలబెట్టారు. ఆడసింహాలు నల్లజూలు బొమ్మ దగ్గరికి వెళ్లాయి. మగవి నల్లటిదాన్ని, పొడుగు జూలుదాన్ని వదిలి రెండోదాని వైపు నడిచాయి. కానీ నల్లజూలుకు ఎండ ఎక్కువ తగులుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. ఆ వేడిని తట్టుకోగలిగినదానికే అది చెల్లుతుంది.

కెమెరాకన్ను:
జూలు సంగతి పక్కన పెట్టండి, తలల లెక్కే అన్నిటికంటే పెద్దది. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పక్కన సాబీ శాండ్ అనే అభయారణ్యానికి ఫొటోల కోసం వెళ్తుంటాను. అక్కడ ఏ గైడ్‌ని కదిపినా మపోగో కథ చెబుతాడు. ఆరు మగసింహాల జట్టు, 2006లో అక్కడ అడుగుపెట్టింది. ఎదురైన మగవాటినీ కూనల్నీ వరసపెట్టి చంపుకుంటూ పోయింది. ఆరు కలిసి ఉన్నన్నాళ్లు ఎదురులేదు. తర్వాత రెండు ముక్కలైంది. 2010లో కింకీ టెయిల్ అనేదాన్ని ‘మజింగిలానే’ అనే ఇంకో జట్టు చంపింది. మిస్టర్ టీ అనేదాన్ని 2012లో సెలాటి అనే మరో జట్టు మగసింహాలు మట్టుబెట్టాయి. అదే సింహం, అవే కోరలు. మారిందల్లా పక్కన నిలబడేవాళ్ల సంఖ్య.

ఇంటర్నెట్‌లో వీటికి దండలు వేసే బ్యాచ్ ఒకటి ఉంది, ఆ గోల నాకు పడదు. పోట్లాట జరిగిన మర్నాడు ఒక సింహాన్ని దగ్గర్నుంచి చూశాను. కింది పెదవి చీలి వేలాడుతోంది. జూలు కుచ్చులు కుచ్చులుగా ఊడి గడ్డిలో పడి ఉంది. ముందు పంజా నేల మీద మోపి, వెంటనే ఎత్తి, నాలుకతో నాకి, మళ్లీ మోపి చూస్తోంది. చుట్టూ ఈగలు. నీళ్లు కనిపించే దూరంలోనే ఉన్నాయి, అయినా లేవలేదు. దానికి మ్యూజిక్ పెట్టి స్టేటస్ వేయాలని నాకైతే అనిపించలేదు.

నక్కజిత్తు:
కెమెరా అన్నా, మరి ఆరేడు కలిసి ఉంటే అంత మేలైతే అన్నీ అలాగే ఉండొచ్చుగా? జంటలే ఎక్కువ కనిపిస్తాయి ఎందుకు?

జువాలజీ_మేడం:
మంచి ప్రశ్న. పెద్ద జట్టుకు ఎక్కువ గుంపులు, ఎక్కువ కాలం పెత్తనం దక్కుతాయి. కానీ లోపల పంపకం సమానం కాదు. 1991లో డీఎన్‌ఏ పరీక్షలతో తేలింది: పెద్ద జట్లలో కొన్ని మగవాటికి పిల్లలే పుట్టరు. అందుకే పెద్ద జట్లన్నీ అన్నదమ్ములు, పెదనాన్న చిన్నాన్న బిడ్డలతోనే ఏర్పడతాయి. తనకు పుట్టకపోయినా రక్తం ఒకటే కదా. ఇద్దరు ముగ్గురున్న జట్లలో మాత్రం ఏ సంబంధం లేని పరాయి సింహాలూ కలుస్తాయి. రెండు మూడేళ్లకు పుట్టిన గుంపు నుంచి గెంటేశాక అన్నదమ్ములు లేనివాడు, దారిలో తనలాంటి ఇంకో దిక్కులేనివాడు దొరికితే చేతులు కలుపుతాడు. ఎవరూ దొరక్కపోతే కష్టమే.

సాసణ్_దారి:
గిర్ గురించి నేను చెబుతా, పరిశోధన పనిలో సాయంగా కొన్నాళ్లు అక్కడున్నాను. ఆఫ్రికా లెక్కలు ఇక్కడ అచ్చంగా అతకవు. గిర్‌లో మగవీ ఆడవీ రోజూ కలిసి తిరగవు. జత కట్టేటప్పుడో పెద్ద వేట పడినప్పుడో కలుస్తాయి, మిగతా కాలం ఎవరి దారి వారిది. ఇక్కడి మగ జంటల మీద 2017లో వచ్చిన పరిశోధన చూస్తే, జంటలో పైచేయి ఉన్నది 70 శాతానికి పైగా సంగమ అవకాశాలు దక్కించుకుంటుంది. తిండి కూడా రెండోదానికంటే 47 శాతం ఎక్కువ తింటుంది. అయినా రెండోది వదిలి పోదు. ఒంటరిగా ఉంటే అది కూడా దక్కదు.

ఆడసింహాలూ తక్కువవి కావు. పక్కపక్క హద్దుల్లోని వేర్వేరు మగవాటితో జత కడతాయి. ఇక ఈ కూనలు నావేనేమో అని అందరికీ అనుమానం, ఎవరూ చంపరు.

జై, వీరూ అని పేరున్న జంట 2025లో పోయింది. రెండూ ఒకదాన్నొకటి విడిచి ఉన్న సమయంలో, వేరే మగవాటి చేతుల్లో వేర్వేరుగా దెబ్బలు తిన్నాయి. వీరూ జూన్‌లో, జై జూలైలో చనిపోయాయి. వైద్యం చేసినా దక్కలేదు.

నక్కజిత్తు:
అయ్యో జై వీరూ. ఇప్పుడే తెలిసింది. అయితే సింహాలకి సింహాలే శత్రువులన్నమాట.

సాసణ్_దారి:
ఆ మాటతోనే 2018లో ఆలస్యమైంది. గిర్‌లోని దల్ఖానియా రేంజ్‌లో సింహాలు వరసగా చనిపోతుంటే మొదట్లో అధికారులు హద్దుల గొడవల వల్లే అన్నారు. తర్వాత పరీక్షల్లో కెనైన్ డిస్టెంపర్ అనే, కుక్కలకు సోకే వైరస్ బయటపడింది. ఇరవైకి పైగా సింహాలు పోయాయి. ఒంటి మీద గాట్లు కనిపిస్తే చాలు, పోట్లాటే కారణం అనేస్తారు. జబ్బుతో నీరసపడ్డదాన్ని కూడా మిగతావి కొరుకుతాయి. 2025 లెక్కల ప్రకారం గుజరాత్‌లో 891 సింహాలున్నాయి, అన్నీ గిర్, దాని చుట్టూ ఉన్న ఒక్క సౌరాష్ట్ర ప్రాంతంలోనే. హద్దులు ఇరుకైనకొద్దీ గొడవలూ పెరుగుతాయి, జబ్బులూ వేగంగా పాకుతాయి. రెంటినీ విడదీసి చూడలేం.

అరుషా_నుంచి:
మనిషి చేతినీ కలపండి. జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని 2015లో వేటగాడు చంపినప్పుడు, దాని జతగాడు జెరికో సెసిల్ కూనల్ని చంపేస్తుందని పత్రికలన్నీ రాశాయి. రెండింటికీ రక్తసంబంధం లేదు, అయినా జెరికో వాటి జోలికి పోలేదు, కాపలా కాసింది. అక్కడ గండం జెరికో కాదు, ఒక మగది తగ్గిందని తెలిసి వచ్చే బయటి మగవి. ట్రోఫీ వేటలో, అంటే తలో తోలో గుర్తుగా దాచుకోడానికి ఆడే వేటలో, ఆరేళ్లు దాటినవాటినే కాల్చాలని కొన్ని దేశాలు వయసు నిబంధన పెట్టింది అందుకే. అప్పటికి ఒక విడత కూనలు పెరిగి ఉంటాయని లెక్క.

నక్కజిత్తు:
కుంటి సింహం ఒకటి మొసళ్లున్న నీళ్లు ఈదిందని వాట్సాప్‌లో తిరుగుతోంది. అదీ నిజమేనా, ఫేకా?

అరుషా_నుంచి:
నిజమే. ఉగాండాలోని క్వీన్ ఎలిజబెత్ పార్కులో జేకబ్. ఉచ్చులో పడి ఒక కాలు పోయింది. 2024 ఫిబ్రవరిలో సోదరుడు టిబుతో కలిసి రాత్రి కజింగా కాలువలో దాదాపు కిలోమీటరున్నర ఈదింది. థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్‌తో తీశారు. మొదట కొన్నిసార్లు దిగి వెనక్కి వచ్చేశాయి, చివరికి దాటేశాయి. దానికి కొన్ని గంటల ముందే ఆడసింహాల కోసం వేరే మగవాటితో తలపడి ఓడాయి. అవతలి ఒడ్డున ఆడసింహాలున్నాయి. వంతెన ఉంది గానీ దాని మీద మనుషుల అలికిడి.

తీరికలేనోడు:
మనుషుల కంటే మొసళ్లే నయం అనుకుందేమో. కెమెరా అన్నా, సాబీ శాండ్ వెళ్తే ఏ నెలలో వెళ్లాలి? గర్జన వినాలని ఉంది, పోట్లాట అక్కర్లేదు.

కెమెరాకన్ను:
జూన్ నుంచి సెప్టెంబర్. అప్పుడు గడ్డి ఎండి పల్చబడుతుంది, చూపు ఆనుతుంది. తెల్లారకముందే బయల్దేరండి, ఎక్కడైనా ఆగి ఇంజిన్ ఆపించండి. స్వెటర్ మర్చిపోవద్దు, అక్కడ అది చలికాలం.