హన్మకొండలో సొంత పాటల షో: మొదటిసారి పెడుతున్నాం, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

సుబేదారి సాయంత్రం
అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఎంటెక్ చేస్తున్నాను. సినిమా పాటలు కాకుండా సొంతంగా రాసుకుని, బాణీ కట్టుకుని పాడే బ్యాండ్లు మన దగ్గరే మూడున్నాయి. ఇంకొకటి హైదరాబాద్ నుంచి వస్తానంది. కాలేజీ ఫెస్టులో దొరికే పది నిమిషాలు తప్ప వీళ్ళకి వేరే స్టేజీ లేదు. అందుకే నక్కలగుట్టలో ఒక కేఫ్ మేడ మీద శనివారం సాయంత్రం షో పెడుతున్నాం. వంద మంది పడతారు. టికెట్ ఎంత పెట్టాలి? సౌండ్ ఎంతలో అవుతుంది? పోలీసు పర్మిషన్ కావాలా? బ్యాండ్లకి ఎంత ఇస్తే న్యాయం? బండ్లు ఎక్కడ పెట్టించాలి? కుర్చీలు మాత్రం టెంట్ హౌస్‌లో వంద మాట్లాడేశాను, ఆ దిగులు లేదు.

బేస్ తీగ
ముందు ఆ కుర్చీలు వద్దని ఫోన్ చెయ్యండి. మిగతావన్నీ తర్వాత. ఏడేళ్ళుగా బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తున్నాను. కుర్చీలు వేసిన ఏ షోలోనూ నాకు జనం కళ్ళు కనపడలేదు, మోకాళ్ళూ ఫోన్లే కనపడ్డాయి. ఒక కాలేజీ ఆడిటోరియంలో ముందు రెండు వరసలూ సార్లకి రిజర్వ్ చేశారు. సార్లు రాలేదు. పిల్లలని అక్కడ కూర్చోనివ్వలేదు. ఖాళీ కుర్చీలని చూస్తూ గంటంబావు వాయించాం. నిలబడితేనే షో. కూర్చుంటే అది సన్మాన సభ.

హంటర్‌రోడ్ అన్న
తమ్మీ, టికెట్ సంగతి నేను చెప్త. మేం మూడు షోలు చేసినం. మొదటిదానికి ఫ్రీ అన్నం. రెండొందల మంది వస్తమన్నరు, ముప్పై నలుగురు వచ్చిన్రు. రెండోదానికి 149 పెట్టినం. డెబ్బై మంది పైసలు కట్టిన్రు, అరవై ఎనిమిది మంది వచ్చిన్రు. పైసలు కట్టినోడు వానొచ్చినా వస్తడు. సౌండుకు 12 వేలు, హైదరాబాద్ పోరగాండ్లకు రానుపోను బండి ఖర్చు 5 వేలు. టికెట్ల పైసలు దానికే చాలలే, నాలుగు బ్యాండ్లకు పంచనీకి ఏం మిగలలే, గది కిరాయి వేరే. గెస్ట్ లిస్టు అని మాత్రం మొదలువెట్టకు. ఆడ పేర్లు రాస్తనే ఉంటరు. నా రూమ్మేట్ దగ్గర్నే టికెట్ వసూలు చేసిన నేను.

ఇంకొకటి, మిడ్ పరీక్షల ముందు వారం పెట్టకు. ఒక్కడు రాడు.

వెన్నెల_కేయూ
బేస్ తీగ గారూ, నిలబడితేనే షో అని మీరు స్టేజీ మీద నుంచి చెప్తున్నారు. నేను కింద నిలబడిన దాన్ని. పోయినేడు ఒక షోలో రెండు గంటలు నిలబడ్డాను. నాలుగో పాటకి వెనక నుంచి తోపులాట మొదలైంది. చేతులు ఎక్కడెక్కడో తగిలాయి. ఎవరివో చూసే చోటు కూడా లేదు. నేనూ నా ఫ్రెండూ సగంలో బయటికొచ్చి ఆటో ఎక్కాం. ఆ బ్యాండ్ చివరి పాట కోసమే వెళ్ళాను, అది వినలేదు. కుర్చీ అంటే నాకు నా చోటు. దాన్ని సన్మాన సభ అనకండి.

హాస్టల్ టైమింగ్ గురించి ఎవరూ మాట్లాడరేం? మాకు తొమ్మిదికి గేటు మూస్తారు. ఏడింటికని పోస్టర్ వేసి ఎనిమిదిన్నరకి మొదలుపెడితే అమ్మాయిలు రావొద్దని చెప్పినట్టే. ఐదున్నరకి మొదలుపెట్టండి.

మైక్‌సెట్ 1998
నేను 1998 నుంచి మైక్‌సెట్ నడుపుతున్నాను. అహూజా ఆంప్లిఫైరు, రెండు హారన్లతో మొదలుపెట్టి ఇప్పుడు డిజిటల్ మిక్సర్ దాకా వచ్చాను. జాతరలు, మీటింగులు, పెళ్ళిళ్ళు, ఫెస్టులు అన్నీ చేశాను. ఇక్కడ కుర్చీల గురించి కొట్టుకునే ఒక్కరు కూడా ఎర్తింగ్ మాట ఎత్తలేదు.

మేడ మీద అంటున్నావు. కేఫ్ వాళ్ళు కింద నుంచి వైరు లాగి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇస్తారు. అందులో మూడో పిన్నుకి ఎర్త్ ఉండదు. గిటార్ ఆంప్ ఒక ఫేజు మీద, మిక్సర్ ఇంకో ఫేజు మీద పెడతారు. పాడే పిల్లాడి చేతులు తీగల మీద ఉంటాయి, పెదవి మైకు జాలీకి తగులుతుంది. అక్కడ షాక్. నా కళ్ళ ముందే జరిగింది. ఆ అబ్బాయి పాట ఆపి పెదవి తుడుచుకుని మళ్ళీ మైకు దగ్గరికి రావడానికి భయపడ్డాడు. పైపెదవి మీద చిన్న తెల్ల మచ్చ. షో అయిపోయేదాకా మైకుకి జానెడు దూరం నుంచి పాడాడు, ఎవరికీ ఒక్క మాట వినపడలేదు.

కాబట్టి ఎలక్ట్రీషియన్ని తీసుకెళ్ళు. మీటర్ పెట్టి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ చూడమను. రెండు మూడు వోల్టులు దాటితే అక్కడ గిటార్ పెట్టొద్దు. స్టేజీ సామానంతా ఒకే ఫేజు మీద, ఒకే ఎర్త్ మీద ఉండాలి. అకౌస్టిక్ గిటార్‌కి డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా) అడుగు, లేదంటే వైరు పొడుగునా గుయ్‌మని హమ్ వస్తుంది. మామూలుగా అందరూ వాడే షూర్ ఎస్‌ఎం58 మైకు వెనక వైపు శబ్దం తక్కువ పట్టుకుంటుంది, అందుకని మానిటర్, అంటే పాడేవాడికి తన గొంతు వినపడేలా పెట్టే స్పీకరు, సరిగ్గా ఆ వెనక్కి పెట్టాలి. మైకు తలని గుప్పిట్లో మూసి పట్టుకోవద్దని పిల్లలకి చెప్పు. అలా పట్టుకుంటేనే కూత పెడుతుంది, తిట్లు మాత్రం నాకు.

బేస్ తీగ
వెన్నెల గారూ, తోపులాట జరిగింది వాలంటీర్లు లేక. తప్పు నిర్వాహకులది, నిలబడటానిది కాదు. వినేవాళ్ళు కదలకపోతే వాయించేవాడి చెయ్యి పడిపోతుంది. ఇది వాయించినవాళ్ళకే తెలుస్తుంది. హైదరాబాద్‌లో షోలకి వెళ్ళి చూడండి.

వెన్నెల_కేయూ
నేను వాయించలేదు కాబట్టి మాట్లాడకూడదా? టికెట్ కొనేది నేను. హైదరాబాద్ చూశాను. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికకి మూడుసార్లు వెళ్ళాను. అక్కడ జనం కూర్చునే వింటారు, ఒక్క ఫోన్ మోగదు. జనం లేచి ఆడటం లేదంటే తప్పు కుర్చీది కాకపోవచ్చు, పాటది కావచ్చు.

బేస్ తీగ
పాట జోలికి రావద్దు. మేము నిద్ర మానుకుని చేసిన పాటలవి.

లా పాయింటు
ఈ గొడవలో పర్మిషన్ సంగతి పోయింది. చెప్తాను, రాసుకోండి.

లౌడ్‌స్పీకర్‌కి పోలీసు అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. వరంగల్ కమిషనరేట్ పరిధి కాబట్టి ముందు మీ స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వండి, వారం ముందే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మేడ అంటే నాలుగు గోడల హాలు కాదు, అది గుర్తుంచుకోండి. వాణిజ్య ప్రాంతంలో పగటి పరిమితి 65 డెసిబెల్స్, నివాస ప్రాంతంలో 55. డ్రమ్స్ వాయిస్తే ఇది ఎలాగూ దాటుతుంది. అందుకే పక్కిళ్ళవాళ్ళకి ముందే వెళ్ళి చెప్పి, మీ నంబరు ఇచ్చి రండి. ఆసుపత్రి, బడి, కాలేజీ, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా సైలెన్స్ జోన్ కావచ్చు. కేఫ్ వెనక నర్సింగ్ హోమ్ ఉందేమో చూసుకోండి. మేము చూసుకోలేదు. రెండో పాటకే అటెండర్ పైకి వచ్చి చేతులు జోడించాడు. లోపల ఆపరేషన్ అయిన పేషెంట్లున్నారన్నాడు. అక్కడితో ఆపేశాం. అది ఇప్పటికీ నాకు బాధే.

పన్ను: మనిషికి 500 లోపు టికెట్ ఉంటే సంగీత కార్యక్రమాల ప్రవేశానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. 149 పెట్టేవాళ్ళకి ఆ బెంగ లేదు.

గుంటూరు గొంతు
సొంత పాటలైనా లైసెన్స్ కట్టాలని ఒకాయన మమ్మల్ని భయపెట్టాడండీ. నిజమేనా? మేము కట్టలేదు.

లా పాయింటు
మీరే రాసి, మీరే బాణీ కట్టి, ఏ కంపెనీకీ హక్కులు రాసివ్వకుండా, ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రచయితలు, స్వరకర్తల తరఫున హక్కుల డబ్బు వసూలు చేసే సొసైటీ) సభ్యులుగా చేరకుండా ఉంటే మీ పాటకి అనుమతి ఇవ్వాల్సింది మీరే. సభ్యులైతే ప్రదర్శన హక్కు సొసైటీ చేతిలో ఉంటుంది, అప్పుడు వాళ్ళని అడగాలి. మధ్యలో ఒక్క సినిమా పాట పాడినా దాని లెక్క వేరు. కాలేజీ లోపల విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల ముందు విద్యార్థులే పాడితే 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టిన కేఫ్‌కి అది వర్తించదు.

గుంటూరు గొంతు
అయితే ఇంకా నయం. మేము సినిమా పాట పాడనే పాడం. ప్రతి షోలోనూ ఎవరో ఒకరు చీటీ పంపుతారు, అన్నా ఫలానా పాట అని. మొదట్లో కాదనలేక పాడేవాళ్ళం. ఆ పాటకి గోల గోల, మా పాటకి నిశ్శబ్దం. ఇంటికొచ్చి గిటార్ కవరు విప్పబుద్ధయ్యేది కాదు. ఒక రోజు ఒట్టేసుకుని మావే ఏడు పాడాం. ఇరవై రెండు మందే ఉన్నారు. షో అయ్యాక వైర్లు చుడుతుంటే పాలిటెక్నిక్ కుర్రాడు ఒకడు వచ్చి, మా అమ్మ మీద రాసిన పాట రెండో చరణం తప్పు లేకుండా అప్పజెప్పాడు. ఆన్‌లైన్‌లో పెట్టింది విని నేర్చుకున్నాడట. మా అమ్మకి ఫోన్ చేసి వాడి చేత మళ్ళీ చెప్పించాను. ఇరవై రెండు మందైనా చాలండీ, వాళ్ళు మీ పాటకే రావాలి.

నైమ్‌నగర్ డ్రమ్స్
మైక్‌సెట్ గారూ, మేడ మీద ఫుల్ డ్రమ్ కిట్ వాయించొచ్చా, కహోన్‌తో (మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె) సరిపెట్టాలా?

హంటర్‌రోడ్ అన్న
నిలవడుడు, కూసునుడు పంచాయితీ ఇంక చాలు. మా అన్నకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. నా మూడు షోలకూ వచ్చిండు. మొదటిసారి కుర్చీల్లేవు. గోడకానుకొని గంటన్నర నిలవడ్డడు, నాకు మాట చెప్పలే. నేను గేటు కాడ ఉన్న, చూస్కోలే. ఇంటికొచ్చినంక కాలు వాచింది చూసి నా పానం చివుక్కుమన్నది. ఎవలైనా గాని, పది కుర్చీలన్నా వేసుండ్రి. బేస్ తమ్మీ, నువ్వు మంచిగనే వాయిస్తవ్, గని ముంగట ఎవలున్నరో సూడు.

బేస్ తీగ
అన్నా, ఆ మాట ఒప్పుకుంటాను. నేను అలా ఆలోచించలేదు. వెన్నెల గారూ, పాటల మీద కోపంలో అన్నాను, సారీ. వంద కుర్చీలు మాత్రం ఇప్పటికీ వద్దంటాను.

కొత్తవాడ పిలగాడు
జంపఖానాలు వెయ్యుండ్రి. మాది కొత్తవాడనే, ఇంట్ల మగ్గం ఉన్నది. వరంగల్ జంపఖానాకు 2018ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు, వచ్చింది. ఊరంత చెప్పుకుంటరు గని ఇంట్ల పరుసుకునేటోళ్ళు తక్కువైన్రు. ముంగట జంపఖానాలు పరిచి కూసుండేటోళ్ళను కూసోబెట్టుండ్రి, అటు ఇటు పక్కలకు కుర్చీలు, ఎనక నిలవడేటోళ్ళు. ఎవల చోటు వాళ్ళకే. మా తాత ఒగ్గుకథకు పోతే తెల్లారేదాక కిందనే కూసునేటోడు. డోలు దెబ్బ నేల మీదికెళ్ళి ఒంట్లకొస్తదని చెప్పేటోడు. పట్టుజంపఖానా గాదు, నూలుదే. చెప్పులిడిసి కూసుంటరు కాబట్టి తోపులాట గూడ ఉండదు.

వెన్నెల_కేయూ
ఇది నాకు నచ్చింది. ముందు వరసలో అమ్మాయిలకి ఒక జంపఖానా విడిగా ఉంచండి, రాసిపెట్టక్కర్లేదు, వాలంటీర్ చెప్తే చాలు. చెప్పులకి కూడా చోటు చూడండి, మెట్ల మీద వదిలితే చీకట్లో జారిపడతారు.

మైక్‌సెట్ 1998
డ్రమ్స్ బాబూ, మేడ మీద ఫుల్ కిట్ వాయిస్తే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) చప్పుడు కింది అంతస్తు పైకప్పంతా మోగుతుంది. నేల మీద నిలబెట్టే ఫ్లోర్ టామ్ డ్రమ్ము తీసేసి, స్నేర్ డ్రమ్ము మీద గుడ్డ వేసి, మామూలు కర్రలు కాకుండా రాడ్స్‌తో (సన్నపుల్లల కట్టలు) వాయించు. పక్క షెడ్డు రేకులదైతే అసలే వద్దు, ప్రతి దెబ్బా తిరిగొస్తుంది.

అసలు మాట ఇంకోటుంది. వంద మంది ఒక్కసారి ఎగిరితే ఆ స్లాబు ఆగుతుందా అని కేఫ్ ఓనర్ని అడిగావా? పిట్టగోడ నడుము ఎత్తు ఉందా? నాకు మోకాలెత్తు గోడలున్న మేడలు తెలుసు. ఆ గోడ వైపు స్టేజీ పెట్టొద్దు, జనం అటు ఒత్తుకుంటారు. వెయ్యి మందికి కాళోజీ కళాక్షేత్రం ఉంది, పబ్లిక్ గార్డెన్స్‌లో నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. అంత పెద్దవి మీకు అక్కర్లేదు, మీ వంద మందికి అవి ఖాళీగా కనపడతాయి. కింది అంతస్తులో షట్టర్ హాలు దొరికితే అదే మంచిది.

సుబేదారి సాయంత్రం
అందరికీ చాలా థాంక్స్. రెండు రోజుల్లో తిరిగొచ్చి చెప్తున్నాను. పిట్టగోడ కొలిచాం. రెండడుగుల నాలుగంగుళాలే ఉంది. మైక్‌సెట్ గారు చెప్పకపోతే అక్కడే పెట్టేవాళ్ళం. మేడ మానేశాం. కేఫ్ పక్కనే ఫర్నిచర్ షాపు ఖాళీ చేసిన హాలు ఉంది, ఓనర్ రోజుకి 4 వేలన్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు, ఎర్త్ లేదు, కొత్తగా వేయిస్తానన్నాడు. షో ఐదున్నరకి మొదలు, ఎనిమిదింబావుకి ఆఖరి పాట. టికెట్ 149. వంద కుర్చీలు ఇరవైకి తగ్గించాం. కొత్తవాడ తమ్ముడూ, ఎనిమిది జంపఖానాలు కిరాయికి ఇస్తారా, కొనాలా?

కొత్తవాడ పిలగాడు
కిరాయి ఏందన్నా, వచ్చి తీస్కపో. మళ్ళ దులిపి, మడతవెట్టి ఇయ్యుండ్రి. మా నాయనకు ఒక్క టికెట్ ఉంచు, ఆయన ఎన్నడు ఇసొంటివి సూడలే.

హంటర్‌రోడ్ అన్న
బ్యాండ్లకు ఎంతిస్తున్నవో చెప్పనే లేదు. గేటు పైసల్ల సౌండు, హాలు పోంగ మిగిలింది మొత్తం వాళ్ళదే అని ముందుగాలనే కాయితం మీద రాసియ్యు. ఎంత మంది వచ్చిన్రో లెక్క గూడ వాళ్ళ ముంగటనే చెయ్యి.

నైమ్‌నగర్ డ్రమ్స్
షట్టర్ హాలంటే ఇప్పుడు ఫుల్ కిట్ తేవచ్చా?

గుంటూరు గొంతు
బండ్లు ఎక్కడ పెట్టాలో ఎవరన్నా చెప్పారా? మేము శనివారం కారులో వస్తున్నాం.