అప్‌డేట్: నల్లగొండలో తోడు దొరుకుతుందా అని అడిగాను కదా

కాకినాడ నుంచి నల్లగొండకు బదిలీపై వచ్చిన 32 ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని నేను. సంబంధాల పేరయ్యలు లేకుండా ఇక్కడ మనసుకు నచ్చిన మనిషిని కలుసుకోగలనా అని ఆరు నెలల క్రితం అడిగాను. చాలామంది హైదరాబాద్ వెళ్లమన్నారు. వెళ్లాను. గంటసేపు మాట్లాడటానికి సుమారు 100 కిలోమీటర్ల బస్సు ప్రయాణం మూడు ఆదివారాలకే అలసట తెచ్చింది. డేటింగ్ యాప్‌లో దగ్గరివాళ్లను వెతికితే మా శాఖ ఖాతాదారులే కనిపించారు. వెంటనే తీసేశాను.

ఒక పెద్దావిడ మాత్రం, "మనిషిని వెతకకమ్మా, నీకిష్టమైన పని చెయ్యి" అన్నారు. ఆ మాటే పనికొచ్చింది. ఊరి దగ్గరి ఉదయసముద్రం చెరువు కట్ట మీద పొద్దున్నే నడవడం మొదలుపెట్టాను. అక్కడే ఒక అధ్యాపకుడు పరిచయమయ్యారు. దగ్గర్లోని పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనుక పగలంతా కదలకుండా నిలిచే నీడ, స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుగుతో ఎలా ఏర్పడుతుందో ఆయన మట్టిలో గీసి చూపించారు. ఆ ఉదయం ఆఫీసుకు ఆలస్యమైంది, అయినా బాధ కలగలేదు.

ఊరు చిన్నది. రెండోసారి టీ తాగేసరికి మా ఇంటి యజమానికి తెలిసింది. అందుకే అమ్మకు నేనే చెప్పాను. మా కులాలు వేరు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద పెళ్లి చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇంకా ఇవ్వలేదు. అమ్మ వచ్చే వారం ఆయన్ను చూడటానికి వస్తోంది.