ఎస్.కోట కొండ మొక్క: ఆకులు నేల మీద, కాడ చివర ఊదా పువ్వు. పేరేమిటి?

ఎస్.కోట టీచర్:
అరకు ఘాట్ రోడ్డు మొదలయ్యే దగ్గర, చెట్ల నీడలో బాట పక్కన గుంపుగా ఉందండీ. ఆకులన్నీ నేలకి అతుక్కుని చుట్టూ పరుచుకున్నాయి. జానెడు పొడుగు, ముట్టుకుంటే గరుకు. మధ్యలోంచి మూరెడు కాడ లేచి రెండేసి కొమ్మలుగా చీలింది. కొసన లేత ఊదా పువ్వు, దాని కిందే కొన తేలిన 3 చిన్న ఆకులు. కిందటి వేసవిలో ఆ వాలంతా కాలింది, అయినా మళ్లీ అక్కడే లేచింది. పిల్లలు సహదేవి అంటున్నారు. క్లాసులో సరైన పేరే చెప్పాలని నా పట్టుదల.

బొబ్బిలి రైతు:
రంగు చూస్తే సహదేవిలాగే ఉందండి. మా చేలగట్ల మీద బోలెడు.

మందస, బోటనీ లెక్చరర్:
సహదేవి కాదు మేడమ్. ఎద్దునాలుక, ఎలిఫెంటోపస్ స్కేబర్. మా మందస కొండల్లోనూ ఉంది. చామంతి, వలిసెల కుటుంబమే గానీ చామంతికున్నట్టు చుట్టూ రేకులుండవు.

సహదేవికి ఆకులు కాడ పొడుగునా వస్తాయి, దీనికి దాదాపు అన్నీ నేల మీదే. ఇంకా అనుమానముంటే ఒక పువ్వు కోసి గోటితో విప్పండి. ఒకటే పువ్వనుకున్నది చిన్న చిన్న గుత్తుల కట్ట. ఒక్కో గుత్తిలో మామూలుగా 4 పూలే. ఒక్కో పువ్వూ ఒక పక్కకి చీలి, 5 తమ్మెలూ చేతివేళ్లు చాచినట్టు ఒకవైపే ఉంటాయి. సహదేవి గుత్తిలో 20 దాకా ఉంటాయి. గింజలూ వేరే: సహదేవి గింజకి తెల్లటి కుచ్చు, ఊదితే ఎగిరిపోతుంది. దీనికి 5 బిరుసు వెంట్రుకలు, అంతే.

భూమిలో పొట్టి దుంపవేరు బతికే ఉంటుంది, అందుకే కాలినా మళ్లీ చిగురేసింది. వయ్యారిభామ, గడ్డిచామంతి అమెరికా నుంచి వచ్చినవి. ఇది మన నేలదే. మందుకని వేరుతో సహా పీకేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఎస్.కోట టీచర్:
పిల్లలే విప్పి లెక్కపెట్టారండీ, గుత్తికి 4! ఒక మొక్క తవ్వి బడిలో పెట్టుకోవచ్చా?

మందస, బోటనీ లెక్చరర్:
తవ్వొద్దు మేడమ్. ఆ 3 ఆకులు ఎండి గోధుమరంగుకి తిరిగాక గింజలు దులుపుకుని, సగం నీడలో చల్లండి. కొన్ని అక్కడే రాలనివ్వండి.