న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేపల్ని ఖాళీ చేసింది సీళ్ళా, ట్రాలర్లా?

గాలివాటం: కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 1992 జులైలో కాడ్ వేట ఆపేశారు. దాదాపు 30,000 మందికి పని పోయింది. 1983లో యూరప్ సీల్ (చేపలు తిని బతికే సముద్ర జంతువు) పిల్లల తెల్లచర్మాలు కొనడం మానేసింది, వేట పడిపోయింది, సీళ్ళు పెరిగి కాడ్‌ని తినేశాయి. అక్కడి జాలర్లలో చాలామంది మాటా ఇదే. కాదంటారా?

చుక్కాని: కాదంటాను. 1968లో అక్కడ 8 లక్షల టన్నుల పైగా కాడ్ పట్టారు, ఎక్కువ భాగం విదేశీ ఫ్యాక్టరీ ట్రాలర్లే, అంటే పెద్ద వలని ఈడ్చుకుపోతూ పట్టిన చేపని ఓడలోనే శుద్ధిచేసే నౌకలు. 1978కి లక్షన్నర టన్నులు కూడా రాలేదు. ఆ మధ్యకాలంలో అక్కడి హార్ప్ రకం సీళ్ళు 20 లక్షల లోపే, అంటే బాగా తక్కువ. అవి తక్కువగా ఉన్నప్పుడే తగ్గిన చేపకి వాటినెలా నిందిస్తాం? 1977లో 200 మైళ్ళ హద్దు పెట్టి విదేశీయుల్ని తరిమాక కెనడా సొంత ట్రాలర్లని దించింది. ఒడ్డు దగ్గర వలలేసేవాళ్ళు చేప సైజు తగ్గిపోతోందని 80ల్లోనే మొత్తుకున్నారు. అధికారులు మాత్రం ట్రాలర్లకి బాగా పడుతోంది కదా అని ధీమాగా కూర్చున్నారు.

రేవుగట్టు: ఒడ్డు దగ్గర వలలేసే పాత పద్ధతిని మరీ ఆకాశానికెత్తకండి బాబూ. ఆడవాళ్ళు పందిళ్ళ మీద ఉప్పుచేప ఆరేసి, వాన మబ్బు కనిపిస్తే పరుగున పోగుచేసేవారు. దాని రకం తేల్చేది షావుకారు మనిషి. చేతికి డబ్బు కాదు, పిండీ బెల్లంపాకం వచ్చేవి. అప్పు అలాగే ఉండేది. సీల్ వేటా అంతే. 1914లో ‘న్యూఫౌండ్‌లాండ్’ ఓడ మనుషులు 132 మంది మంచుగడ్డల మీద రెండు రాత్రులు తుపానులో ఇరుక్కుంటే 78 మంది చచ్చిపోయారు. లాభం లేదని యజమానులు ఓడలో వైర్‌లెస్ అంతకుముందే పీకేశారు.

గాలివాటం: సరే, సెయింట్ లారెన్స్ సింధుశాఖ దక్షిణాన కాడ్ కోలుకోకపోవడానికి సీళ్ళే కారణమని కెనడా శాస్త్రవేత్తలే అన్నారు. దానికేమంటారు?

చుక్కాని: నిజమే, కానీ అవి గ్రే సీళ్ళు, ఆ సముద్రం వేరు. ఆ తీర్పు తెచ్చి ఇక్కడ అతికించకండి. యూరప్ నిర్ణయం వల్ల అసలు నలిగింది ఇన్యూయిట్లు, అంటే ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులు. వాళ్ళు పట్టేది రింగ్డ్ సీల్, మాంసం తింటారు, తోలు అమ్మి పెట్రోలు, తూటాలు కొనుక్కుంటారు. ఆ నిర్ణయంలో వాళ్ళకిచ్చిన మినహాయింపు కాగితం మీద ఉంది, కొనేవాడే లేడు. ఇక 2024లో 18,000 టన్నుల కోటాతో కాడ్ వేట మళ్ళీ తెరిచారు, అందులో ట్రాలర్లకీ వాటా ఇచ్చారు. దాని మీద మీరేమంటారో చెప్పండి.